టేకాఫ్‌ను మధ్యలో ఆపాల్సి వస్తే: విమాన సిబ్బందిలో కొత్తగా చేరేవారికి అంచెలంచెల మార్గదర్శి

ఆదివారాలు జడ్చర్లలో మా మేడపై గదిలో పది పన్నెండు మంది పిల్లలు కూర్చుంటారు. అచ్చంపేట, నారాయణపేట, దేవరకొండ, మిర్యాలగూడ నుంచి వచ్చేవారు. ఎక్కువమంది క్యాబిన్ సిబ్బంది శిక్షణలో ఉన్నారు, ఇద్దరు ముగ్గురు పైలట్ లైసెన్సుకు చదువుతున్నారు. చాలా ఏళ్లు విమానాలు నడిపి విరమించిన నన్ను వాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: విమానం పరుగు అందుకున్నాక ఆపాలా, ఎగరాలా అన్నది ఎప్పుడు తేల్చుకోవాలి? చక్రాలు కదలకముందే తేల్చుకోవాలి. రన్‌వే మీద ఆలోచించడానికి సమయం ఉండదు. ముందే ఆలోచించి పెట్టుకున్నదాన్ని చేతులు అమలు చేయడానికి మాత్రమే వ్యవధి ఉంటుంది.

దీనికి రెండో సగం ఉంది. శిక్షణలో మొదటి సగానికి దక్కే శ్రద్ధ దానికి దక్కదు. విమానాన్ని ఆపడం సగం పని. ఆగిన తర్వాత లోపల కూర్చున్నవారికి ఏం చెప్పాం, ఎంత త్వరగా చెప్పాం, వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పామా అన్నది మిగతా సగం. ఈ మార్గదర్శిలో రెండూ ఉంటాయి. మీ సంస్థ ఇచ్చే నియమావళిలో మాటలు, అంకెలు కొంచెం తేడాగా ఉంటే ఆ నియమావళినే పాటించండి. దాని వెనుక ఉన్న కారణాలు తెలియడానికి ఇది చదవండి.

ఎంత బరువును ఆపుతున్నామో ముందుగా తెలుసుకోండి

మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం బస్తాలతో బయలుదేరిన లారీని ఊహించుకోండి. లారీ, సరుకు కలిపి 25 టన్నులు, గంటకు 60 కిలోమీటర్ల వేగం. ఎదురుగా గేదె అడ్డం వస్తే ఆ డ్రైవరు ఎంత అవస్థ పడతాడో మనం చూస్తూనే ఉంటాం. ఇప్పుడు 75 టన్నుల బరువుతో గంటకు 260 కిలోమీటర్ల వేగం అందుకున్న ఎయిర్‌బస్ 320నో బోయింగ్ 737నో తీసుకోండి. లెక్క కడితే ఆ విమానంలోని గతిశక్తి లారీ కంటే యాభై రెట్లకు పైగా ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుందని బడిలో చదివిన పాఠం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. ఆ శక్తిలో అధికభాగం వేడిగా మారి చక్రాల్లోని బ్రేకుల్లోకి దిగాలి.

మన ప్రాంతంలో దీనికి మరో భారం తోడవుతుంది. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఎంత పలుచబడుతుందంటే, ప్రామాణిక వాతావరణంలో సుమారు 5,500 అడుగుల ఎత్తున ఉండే గాలితో సమానమవుతుంది. కాక్‌పిట్‌లోని మీటరు 140 నాట్లు (గంటకు సుమారు 260 కిలోమీటర్లు) చూపిస్తున్నప్పుడు నేలపై అసలు వేగం దానికంటే ఎనిమిది శాతం దాకా ఎక్కువగా ఉంటుంది. బ్రేకులు మింగాల్సిన శక్తి ఆరో వంతు పెరుగుతుంది. ఇంజన్ల బలం కూడా అప్పుడే తగ్గుతుంది. శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు ఉండటం మన అదృష్టం. కానీ ఇక్కడ ఎక్కి దిగే ప్రతి ఊళ్లో అంత నేల దొరకదు.

మొదటి అంచె: కదలకముందు

పైలట్లు ఆ రోజు బరువు, ఎండ, గాలి, రన్‌వే పొడవు, తడి పొడి లెక్కించి మూడు వేగాలు కంప్యూటర్‌కు ఇస్తారు. వాటిలో మొదటిదైన వీ-వన్, అంటే ఆపే పని మొదలుపెట్టడానికి ఆఖరి హద్దయిన వేగం, మనకు ముఖ్యం. అంకె ఒకరు నమోదు చేస్తే మరొకరు విడిగా సరిచూడాలి. 141 కొట్టాల్సిన చోట 114 కొడితే ఆ పొరపాటును రన్‌వే మధ్యలో ఎవరూ పట్టుకోలేరు. రన్‌వే మొదటి నుంచి కాకుండా మధ్య దారి నుంచి బయలుదేరుతుంటే లెక్క కూడా ఆ చోటు నుంచే చేశారా అని మరోసారి చూసుకోవాలి.

తర్వాత కెప్టెన్ తన మాటల్లో చెప్పాలి: ఏ వేగం దాకా ఏ కారణానికి ఆపుతాను, ఆపితే ఎవరు ఏం చేయాలి, నిప్పంటుకుంటే గాలి ఏ వైపు నుంచి వీస్తోంది. రోజుకు నాలుగుసార్లు చెప్పి చెప్పి ఇది మంత్రం చదివినట్టు అయిపోతుంది. అలా కానివ్వకండి. ఈ రోజు కొత్తగా ఏముందో అది చెప్పండి: రన్‌వే తడిగా ఉందా, ఎడమవైపు గాలి ఎక్కువగా ఉందా, రన్‌వే చివర పని జరుగుతోందా.

క్యాబిన్‌లో మడత సీటులో కూర్చున్న మీరు కూడా అదే పని చేయాలి, మౌనంగా. నా తలుపు ఏది, పిడి ఎటు తిరుగుతుంది, జారి దిగే స్లైడు సిద్ధంగా ఉందా, నా దగ్గర కూర్చున్నవారిలో సాయం కావలసింది ఎవరికి, సాయం చేయగలిగినవారు ఎవరు, మొదట నోటి నుంచి రావాల్సిన మాట ఏది. అర నిమిషం చాలు. ఆ అర నిమిషంలో సాయంత్రం బస గురించి ఆలోచించేవారికి, ఈ ప్రశ్నలు వేసుకునేవారికి ఆపద వేళ చాలా తేడా కనిపిస్తుంది.

రెండో అంచె: నెమ్మది వేగంలో ఏ అనుమానానికైనా ఆగవచ్చు

పరుగు మొదలైంది. విమానాన్ని కో-పైలట్ నడుపుతున్నా వీ-వన్ దాకా ఇంజన్ల బలాన్ని పెంచే తగ్గించే థ్రస్ట్ లివర్ల మీద కెప్టెన్ చెయ్యి ఉంటుంది. ఆపే నిర్ణయం దాదాపు అన్ని సంస్థల్లోనూ కెప్టెన్‌దే.

బోయింగ్ విమానాల్లో 80 నాట్లు, ఎయిర్‌బస్‌లో 100 నాట్లు ఒక గీత. గీతకు ఇటువైపు చిన్న కారణానికైనా ఆపవచ్చు: హెచ్చరిక దీపం, వింత శబ్దం, అదురు, టైరు పగలడం, వేగం అందుకోవడంలో మందకొడితనం, పక్క అద్దం తెరుచుకోవడం. ఈ దశలో ఆపడం వల్ల పెద్దగా ప్రమాదం లేదు, నేల బోలెడంత మిగిలి ఉంటుంది. ఒక్క జాగ్రత్త చాలు. ఆటోబ్రేక్ తనంతట తాను పట్టుకుంటుందని నమ్మి కూర్చోకూడదు. ఎయిర్‌బస్ 320లో చక్రాల వేగం 72 నాట్లు దాటితేనే స్పాయిలర్లు (రెక్కల మీద లేచే పలకలు) లేచి ఆటోబ్రేక్ పనిచేస్తుంది. బోయింగ్ 737లో ఆటోబ్రేక్‌కు ఆ హద్దు 90 నాట్లు. అంతకు తక్కువలో కాలితో తొక్కాల్సిందే.

గీత దాటాక తీరు మారుతుంది. అప్పుడు ఆపడానికి కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే: మంట, ఇంజన్ విఫలం కావడం, ముందున్న గాలికోత (గాలి వేగం, దిశ హఠాత్తుగా మారడం) గురించి హెచ్చరిక, విమానం ఎగరలేదని అనిపించే స్థితి. టైరు పగిలిందనో, ఏదో చిన్న దీపం వెలిగిందనో అక్కడ ఆపరు. కో-పైలట్‌గా వెళ్లేవారికి నా విన్నపం: చూసినదాని పేరు చెప్పండి. ‘ఇంజన్ ఫెయిల్యూర్’, ‘ఇంజన్ ఫైర్’ అంటే కెప్టెన్ చెయ్యి కదులుతుంది. ‘ఏదో వినిపించినట్టుంది’ అంటే ఆ మాట అర్థమయ్యేలోపే మరో నూట యాభై మీటర్లు వెనక్కి పోతాయి.

మూడో అంచె: వీ-వన్ అంటే అసలు ఏమిటి

చాలామంది వీ-వన్‌ను ‘నిర్ణయ వేగం’ అని నేర్చుకుంటారు. ఆ పేరు దారి తప్పిస్తుంది. వీ-వన్ వచ్చాక నిర్ణయించుకోవడం మొదలుపెట్టమని దాని అర్థం కాదు. ఆ వేగం వచ్చేసరికి ఆపే తొలి చర్య మొదలై ఉండాలి. లెక్కల్లో దీనికి కలిపే వెసులుబాటు రెండు సెకన్లు. 140 నాట్ల వేగంలో ఆ రెండు సెకన్లలో విమానం సుమారు 144 మీటర్లు దూసుకుపోతుంది. అందుకే ‘వీ-వన్’ అన్న పిలుపు వినగానే కెప్టెన్ లివర్ల మీది నుంచి చెయ్యి తీసేస్తారు. తీసేసిన చెయ్యి మళ్లీ అటు వెళ్లకూడదు, ఒక్క ఇంజన్ ఆగిపోయినా సరే. ఒక ఇంజన్‌తో లేవగలిగేలాగే ఆ వేగాన్ని లెక్కించారు.

1982 సెప్టెంబర్ 13న స్పెయిన్‌లోని మలగాలో ఒక డీసీ-10 ఈ హద్దు దాటాక ఆగబోయింది. ముక్కు చక్రం టైరు పొర ఊడి విపరీతమైన అదురు వచ్చింది. అది టైరు అదురేనని కాక్‌పిట్‌లో తెలిసే వీలు లేకపోయింది. విమానం రన్‌వే దాటి వెళ్లి మంటల్లో చిక్కుకుంది. 394 మందిలో 50 మంది చనిపోయారు. టేకాఫ్ ఆపబోయి రన్‌వే దాటిన ప్రమాదాలను అమెరికా విమానయాన సంస్థలు, తయారీదారులు కలిసి పరిశీలిస్తే, సగానికి పైగా వీ-వన్ దాటాక ఆపినవేనని తేలింది.

మరి వీ-వన్ దాటాక ఎప్పటికీ ఆపకూడదా? 2017 మార్చి 8న అమెరికాలోని విల్లో రన్‌లో ఒక ఎండీ-83 కెప్టెన్ వేగం అందుకున్నాక ముక్కు ఎత్తబోతే అది లేవలేదు. అంతకుముందు నిలిపి ఉంచినప్పుడు ఈదురుగాలికి ఎలివేటర్ (ముక్కును ఎత్తడానికి తోకలో ఉండే పలక) చెడిపోయింది, బయటి నుంచి చూస్తే తెలిసేది కాదు. ఆయన వీ-వన్ తర్వాత ఆపారు. విమానం రన్‌వే దాటి పోయినా అందులోని 116 మందీ బతికారు, ఒకరికి స్వల్ప గాయం. పక్క సీటులో ఆయన పనితీరును పరీక్షిస్తున్న సీనియర్ పైలట్ ఉన్నారు. ఆ సీనియర్ పైలట్ నోటితో వారించబోయినా లివర్లు లాగి పట్టుకోలేదు. నా దృష్టిలో ఆ రోజు అందరినీ కాపాడిన వాటిలో ఆ నిగ్రహం కూడా ఒకటి. ఇద్దరు పైలట్లు రెండు పక్కలకు లాగితే విమానం ఆగదు, ఎగరదు. విమానం ఎగరలేనప్పుడు మాత్రమే ఆ హద్దుకు మినహాయింపు ఉంది. అదురు, చప్పుడు, భయం దానికి చాలవు.

నాలుగో అంచె: ఆపే చేతులు

కెప్టెన్ ఒక్కమాట గట్టిగా అంటారు. ఎయిర్‌బస్‌లో ‘స్టాప్’, బోయింగ్ నడిపే చాలా సంస్థల్లో ‘రిజెక్ట్’. ఆ మాటతోనే, విమానాన్ని ఎవరు నడుపుతున్నా, అదుపు కెప్టెన్ చేతికి వస్తుంది. థ్రస్ట్ లివర్లు పూర్తిగా వెనక్కి, బ్రేకులు పూర్తి బలంతో లేదా ఆటోబ్రేక్ పట్టుకుందని నిర్ధారణ, స్పాయిలర్లు పైకి, రివర్స్ థ్రస్ట్ (ఇంజన్ల గాలిని ముందుకు మళ్లించడం). చదవడానికి ఇవి వరుస పనులు, చేయడానికి దాదాపు ఒకే కదలిక. స్పాయిలర్లు రెక్కల లేపే బలాన్ని తీసేసి బరువును చక్రాల మీదికి దింపుతాయి. అవి లేవకపోతే బ్రేకులు ఎంత తొక్కినా టైర్లు నేలను పట్టుకోవు. పొడి రన్‌వేకు ఆగే దూరం లెక్కించేటప్పుడు రివర్స్ థ్రస్ట్‌ను కలపరు, అందుకని అది అదనపు బలమే. అయినా మరచిపోకూడదు.

కో-పైలట్ ఈ సమయంలో చూస్తారు, పలుకుతారు: స్పాయిలర్లు లేచాయా, రివర్స్ తెరుచుకుందా, వేగం తగ్గుతోందా. కెప్టెన్ ఏదైనా మరిస్తే ఆ పేరు చెబుతారు. కంట్రోల్ టవర్‌కు టేకాఫ్ ఆపుతున్నామని తెలియజేస్తారు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, విమానం నెమ్మదించినట్టు అనిపించగానే బ్రేకు వదలడం. ముందు చాలా రన్‌వే కనిపిస్తుంది, ప్రయాణికులకు కుదుపు ఎందుకన్న దయ కలుగుతుంది. ఆ దయ అక్కడ పనికిరాదు. ఇక దూరం చాలునని నిశ్చయంగా తెలిసేదాకా పూర్తి బలం వదలకూడదు. రన్‌వే ఖాళీ చేయాలన్న తొందర కూడా వద్దు. మీ వెనుక దిగే విమానాల సంగతి టవర్ చూసుకుంటుంది.

ఐదో అంచె: చక్రాలు ఆగిన మరుక్షణం

పార్కింగ్ బ్రేకు వేయాలి. వెంటనే క్యాబిన్‌కు మాట చెప్పాలి. సిబ్బంది తమ స్థానాల్లో సిద్ధంగా ఉండాలని తొలి ప్రకటన. తర్వాతే హెచ్చరికలు చదివి, మంట ఉందా లేదా చూసి, ఎక్కడివారు అక్కడే కూర్చోవాలా, దిగి పారిపోవాలా తేల్చాలి.

1985 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఒక బోయింగ్ 737లో ఎడమ ఇంజన్ పగిలి, ముక్క ఇంధన ట్యాంకు మూతకు తగిలి మంట అంటుకుంది. పైలట్లకు వినిపించింది ఒక దబ్బుమనే చప్పుడు. టైరు పగిలిందనుకుని ఆపారు, బ్రేకులు మరీ గట్టిగా తొక్కలేదు, రన్‌వే దిగి పక్క దారిలోకి తిప్పి ఆపారు. మెల్లగా వీస్తున్న గాలి, విమానం తిరిగిన దిశ కలిసి మంటను నేరుగా విమానం మీదికి నెట్టాయి. 137 మందిలో 55 మంది ప్రాణాలు పోయాయి, ఎక్కువమంది పొగ వల్లే. అంతకుముందు ఎగిరిన ప్రతి పైలట్ అదే చప్పుడు విని అదే అనుకునే అవకాశం ఉంది, అందుకని వారిని నిందించలేను. అందులోంచి తీసుకోవాల్సిన పాఠాలు మాత్రం ఇవి: చప్పుడుకు కారణం తెలియనప్పుడు మంట ఉందనే అనుకోండి. రన్‌వే మీదే ఆపండి. మంట ఏ వైపు ఉందో తెలిస్తే గాలి దాన్ని విమానం నుంచి దూరంగా నెట్టేలా నిలపండి.

ఖాళీ చేయించాలని తేలితే ఇంజన్లు రెండూ ఆపాకే ఆ మాట చెప్పాలి. 2016 అక్టోబర్ 28న షికాగో ఒహేర్ విమానాశ్రయంలో ఒక బోయింగ్ 767 కుడి ఇంజన్ పగిలి కాలుతుంటే కెప్టెన్ సరిగ్గానే ఆపారు. 170 మందీ బతికారు. కానీ ఎడమ ఇంజన్ ఇంకా తిరుగుతుండగానే అటువైపు తలుపు తెరుచుకుంది. ఒక ప్రయాణికుడు ఆ గాలి తాకిడికి పడిపోయి తీవ్రంగా గాయపడ్డారు. తలుపు దగ్గర ఉన్నవారు అద్దంలోంచి బయట చూడాల్సింది మంట, పొగ మాత్రమే కాదు. ఇంజన్ తిరుగుతోందా అని కూడా చూడాలి.

ఆరో అంచె: క్యాబిన్, మన ప్రయాణికులు, మన భాష

నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది.

చాలా ఏళ్ల కిందట ఒక మే మధ్యాహ్నం శంషాబాద్ నుంచి దుబాయ్ వెళుతున్నాం. అరవై నాట్ల దగ్గర తలుపు హెచ్చరిక దీపం వెలిగింది. ఆపాను, ఏ ఇబ్బందీ లేకుండా ఆగింది. టవర్‌తో మాట్లాడుతూ, దీపం సంగతి చూస్తూ, క్యాబిన్‌కు ఒక్కమాట చెప్పడానికి నాకు దాదాపు నిమిషం పట్టింది. ఆ నిమిషంలో రెక్క దగ్గరి అత్యవసర ద్వారం పక్క సీటులోని యువకుడు లేచి పిడి మీద చెయ్యి వేశాడు. అచ్చంపేట నుంచి మొదటిసారి పనికి వెళుతున్నవాడు. సూర్యాపేటకు చెందిన మా క్యాబిన్ అమ్మాయి చూసి గట్టిగా తెలుగులో అంది: “అన్నా, చెయ్యి తీయండి! కూర్చోండి! విమానం ఆగింది, మంట లేదు!” అతను కూర్చున్నాడు. ఆ తలుపు తెరిచి ఉంటే, ఇంజన్లు తిరుగుతుండగా ఒక మనిషి రెక్క మీదికి దిగేవాడు. తర్వాత నేను వెనక్కి వెళ్లి అడిగితే అతనన్నది నాకు ఇంకా గుర్తుంది: “అందరూ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే ఏమనుకోవాలి సార్?”

తప్పు అతనిది కాదు. నా మౌనానిది. ఆ రోజు నుంచి నా నియమం ఒకటే: విమానం ఆగాక ముందు క్యాబిన్‌కు మాట, తర్వాతే టవర్‌తో వివరాలు.

పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి దుబాయ్, మస్కట్, కువైట్ వెళ్లే విమానంలో సగటు ప్రయాణికుడు ఎవరో మనకు తెలుసు. మేస్త్రీ, డ్రైవరు, ఇళ్లలో పనికి వెళ్లే అక్క, కొడుకు దగ్గరికి వెళుతున్న ముసలి తల్లి. ప్రకటనలు ఇంగ్లిషులో, హిందీలో వస్తాయి. మీ సంస్థ నిర్ణయించిన పదాలు ముందు తప్పకుండా పలకండి. వెంటనే తెలుగులో చెప్పండి. కూర్చోబెట్టాలంటే: “ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోండి. బెల్టు విప్పకండి. మేం ఇక్కడే ఉన్నాం.” దింపాలంటే చిన్న మాటలు, ఒక్కో ఊపిరికి ఒకటి: “బెల్టు విప్పండి! సామాను వదిలేయండి! ఇటు రండి! దూకండి!” అద్దం ముందు నిలబడి వీటిని గొంతు చించుకుని సాధన చేయండి. మెత్తగా మాట్లాడటం నేర్పిన గొంతుకు ఒక్కసారిగా అరవడం చేతకాదు. “దయచేసి” అనడం అలవాటైన నోటికి ఆజ్ఞ ఇవ్వడం ఇంకా కష్టం.

సామాను సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. విమానాన్ని ధ్రువీకరించేటప్పుడు సగం తలుపులతోనే అందరూ 90 సెకన్లలో బయటపడాలని నిబంధన. ఆ పరీక్షలో ఎవరూ పైనున్న అర తెరిచి సంచి తీయరు. కానీ మన అన్న సంచిలో పాస్‌పోర్టు, వీసా కాగితం, అప్పు చేసి తెచ్చుకున్న డబ్బు ఉంటాయి. వదలమంటే అతని జీవితాన్ని వదలమన్నట్టే వినిపిస్తుంది. అందుకే ఎక్కేటప్పుడే, రద్దీ తగ్గాక, కాగితాలు జేబులో పెట్టుకోమని చెప్పే అలవాటు చేసుకోండి. అది ఏ నియమావళిలోనూ కనిపించకపోవచ్చు. ఆపద వేళ మాత్రం నడవా ఖాళీగా ఉంచడానికి అది చాలా పనికొస్తుంది.

తలుపు తెరిచే ముందు అద్దంలోంచి చూడండి. తెరిచాక స్లైడు పూర్తిగా ఉబ్బేదాకా చెయ్యి అడ్డంగా పెట్టి జనాన్ని ఆపండి. వెళ్లలేని తలుపు అయితే “ఇటు వద్దు, అటు వెళ్లండి” అని చేత్తో చూపించండి. కాక్‌పిట్ నుంచి ఏ మాటా రాకపోతే ఇంటర్‌ఫోన్‌లో మీరే పిలవండి. మంట కళ్లముందే ఉండి, పైలట్ల నుంచి జవాబు రాకపోతే, ఖాళీ చేయించే అధికారం మీకుంది. దాన్ని వాడటానికి జంకకండి.

ఆఖరి అంచె: బ్రేకుల వేడి, కాగితాలు, మళ్లీ బయలుదేరడం

ఎక్కువ వేగంలో ఆపితే ఆగిన వెంటనే బ్రేకులు అత్యంత వేడిగా ఉండవు. చక్రాల్లోకి వేడి పాకుతూ పది పదిహేను నిమిషాల తర్వాత గరిష్ఠానికి చేరుతుంది. చక్రాల్లో కరిగే లోహపు బిరడాలు ఉంటాయి. వేడి హద్దు దాటితే అవి కరిగి, టైరు పేలకముందే గాలి మెల్లగా వదిలేస్తాయి. ధ్రువీకరణ పరీక్షలో అరిగిన బ్రేకులతో పూర్తి బరువును ఆపి, ఐదు నిమిషాల పాటు అగ్నిమాపక సిబ్బంది ముట్టుకోకుండా నిలపాలన్నది ఇందుకే. నేల మీది సిబ్బంది చక్రాల దగ్గరికి పక్కల నుంచి కాకుండా ముందు నుంచో వెనుక నుంచో రావాలి. వేడి చక్రాలతో టెర్మినల్ దాకా నడపడం, గేటు దగ్గర పార్కింగ్ బ్రేకు బిగించి వదిలేయడం రెండూ వద్దు. ఇంజనీరు చూసి, బ్రేకులు చల్లారాయని లెక్క తేలేదాకా మళ్లీ బయలుదేరే ప్రశ్నే లేదు.

పాత కాక్‌పిట్ వాయిస్ రికార్డర్లు రెండు గంటలే దాచుకుంటాయి. విద్యుత్తు అలాగే ఉంచితే ఆ నిమిషాలపై కొత్త మాటలు పడి అవి చెరిగిపోతాయి. కాపాడాల్సిన ఘటన అయితే మీ సంస్థ చెప్పిన పద్ధతిలో దాన్ని ఆపించండి. ఎవరు ఏం చూశారో, ఏ వేగంలో చూశారో ఆ రోజే విడివిడిగా రాసుకోండి. సిబ్బందిలో ఎవరి చేతులైనా వణుకుతుంటే వారిని తప్పించి మరొకరిని పంపమని కెప్టెన్ అడగాలి. అది బలహీనత కాదు.

ఆ మే మధ్యాహ్నం మా విమానాన్ని ఇంజనీర్లు చూశారు. తలుపు దగ్గరి సెన్సర్‌లో లోపం, సరిచేశారు. ఈలోపు ప్రయాణికులు ఇళ్లకు ఫోన్లు చేసుకున్నారు, ఆలస్యం ఎంతో, ఎందుకో మేం మూడు భాషల్లో చెబుతూనే ఉన్నాం. మళ్లీ తలుపులు మూశాక ఆ అచ్చంపేట యువకుడు భద్రతా కార్డు అడిగి తీసుకున్నాడు. మా సూర్యాపేట అమ్మాయి అతని సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పిడి ఎటు తిప్పాలో, ఎవరు చెబితే తిప్పాలో, అంతదాకా దాన్ని ఎందుకు ముట్టుకోకూడదో తెలుగులో వివరించింది. అతను రెండుసార్లు తిరిగి అప్పజెప్పాక ఆమె లేచి తన మడత సీటుకు వెళ్లి బెల్టు బిగించుకుంది. క్యాబిన్ సిద్ధంగా ఉందన్న మాట కాక్‌పిట్‌కు చేరింది. మేం రన్‌వే వైపు కదిలాం.